ఒక్క ‘ఛార్జి’, ఎన్ని బరువులు!

బస్సు ఛార్జీలు పెరిగాయి. పోలీసులు ఛార్జిషీటు వేశారు. ధర్నా చేసినవాళ్ల మీద లాఠీఛార్జి జరిగింది. కొత్త తహసీల్దారు ఛార్జి తీసుకున్నారు. ఫోన్లో ఛార్జింగు అయిపోయింది. ఇంగ్లీషు తమకు రాదని చెప్పుకునే తెలుగువాళ్లు కూడా ఈ ఐదు మాటలూ తడుముకోకుండా వాడతారు, ఒక్కచోట కూడా పొరబడరు. కానీ ఈ ఐదింటికీ ఏమిటి చుట్టరికమని అడిగితే ఇంగ్లీషు బాగా చదువుకున్నవాళ్లే ఆలోచనలో పడతారు. ఇంగ్లీషు మాటకు పొంతన లేని అర్థాలు బోలెడు ఉంటాయనీ, వాటిని బట్టీ పట్టడం తప్ప గత్యంతరం లేదనీ బడిలోనే మనకు నూరిపోశారు. ఈ నమ్మకం తప్పని నా వాదన. నానార్థాలు చాలావరకు చెల్లాచెదురుగా పడి ఉండవు. ఒక అర్థం ఇంకో అర్థాన్ని కని పెంచిన వరసలో ఉంటాయి. ఆ వరస పట్టుకోవడమే నిఘంటువు చదివే విద్య. బడుల్లో మనం నేర్పకుండా వదిలేస్తున్నది దాన్నే.

‘ఛార్జి’ పుట్టుక చూడండి. లాటిన్‌లో ‘కర్రుస్’ అంటే బండి. దాన్నుంచి బండికి సరుకెత్తడం అనే అర్థంలో ‘కర్రికారె’ అన్న క్రియ వచ్చింది. అది ఫ్రెంచి మీదుగా 13వ శతాబ్దం నాటికి ఇంగ్లీషులో చేరింది. మొదటి అర్థం బరువెత్తడం, అంతే. ఆ బరువు మనిషి నెత్తికెక్కితే బాధ్యత అయింది. మన ఆఫీసుల్లో ‘ఛార్జి తీసుకోవడం’, ‘ఇన్‌ఛార్జి’ ఈ కొమ్మవే. బరువు నిందగా మారితే నేరారోపణ అయింది; ఛార్జిషీటు, ఉద్యోగులకిచ్చే ఛార్జిమెమో ఇక్కడివి. డబ్బు రూపంలో పడితే రుసుము అయింది. బస్సు ఛార్జీ, కరెంటు బిల్లులో సర్‌ఛార్జి ఇక్కడివి. డబ్బు బాకీకి హామీగా ఆస్తి మీద పడ్డ బరువునూ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఇదే మాటతో చెప్పింది. తుపాకీలో కూరిన మందూ బరువే కనుక దానికీ ఆ పేరే వచ్చింది. 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ వంటివాళ్లు లేడెన్ జాడీల్లో విద్యుత్తు నింపి ప్రయోగాలు చేసే నాటికి, నింపడం అనే ఆ అర్థమే విద్యుత్తుకు పాకింది. మన ఫోను ఛార్జింగు దాని వారసురాలు. లాఠీఛార్జిలోని దాడి అర్థాన్ని కూడా ఆయుధాన్ని సిద్ధం చేసి శత్రువు మీదికి పోవడంతో ముడిపెట్టి చెబుతారు.

ఉపసర్గలు చేరిన రూపాలు ఈ వాదనకు ఇంకా గట్టి సాక్ష్యం. ‘డిశ్చార్జి’ అంటే బరువు దించడం. ఆసుపత్రి రోగిని తన బాధ్యత నుంచి దించుతుంది, అప్పు తీర్చినవాడు బాకీ దించుకుంటాడు, బ్యాటరీ తనలోని విద్యుత్తును వదిలేస్తుంది, వరదల రోజుల్లో బ్యారేజీ నుంచి దిగువకు పోయే నీటిని ఇంజినీర్లు క్యూసెక్కుల్లో డిశ్చార్జిగా కొలుస్తారు. ‘రీఛార్జి’ అంటే మళ్లీ నింపడం. ఫోనుకు అది డబ్బుతో జరుగుతుంది, భూగర్భ జలాలకు ఇంకుడుగుంతతో జరుగుతుంది. ఇన్ని రంగాలు, ఇన్ని వృత్తులు, అయినా పాత బండీ దాని మీది బరువూ ఎక్కడా తప్పిపోలేదు. కారు, క్యారీ, కార్గో ఆ ఇంటి పిల్లలే. ఇటాలియన్ దారిలో వచ్చిన క్యారికేచర్ కూడా ఆ ఇంటిదే. ముఖంలో ఏదో ఒక అంశానికి మోతాదు మించి బరువెక్కించి గీసిన బొమ్మ అది.

ఇది ఇంగ్లీషుకే పట్టిన వింత కాదు. తెలుగులో ‘మోపు’ను గమనించండి. గడ్డిమోపు తలకెత్తుకునే బరువు. అదే మాటతో నేరం మోపుతాం, పన్నుల భారం మోపుతాం. బాధ్యత కూడా మనకు బరువే; పదవిలోకి వచ్చినవాళ్లు కార్యభారం స్వీకరిస్తారు. బరువు నుంచి నిందకు, నింద పక్కనే పన్నుకు, అక్కణ్నుంచి బాధ్యతకు మన భాష కూడా నడిచింది. మనుషుల ఆలోచన నడిచే దారి ఒకటి కావడం వల్లే అడుగులు ఒకేచోట పడ్డాయి. అందుకే ‘ఛార్జి’ని తెలుగు పిల్లలకు ‘మోపు’ పక్కన పెట్టి చెబితే, పరాయి మాట అర్థాలు సగం ముందే తెలిసినవిగా కనిపిస్తాయి.

దీనికి భాషాశాస్త్రం వైపు నుంచి ఒక బలమైన అభ్యంతరం ఉంది: పుట్టుక అర్థం కాదు. నిజమే. మంచి అన్న అర్థంలో వాడే ‘నైస్’ లాటిన్‌లో తెలియనివాడు అన్న మాట నుంచి వచ్చింది. ఆ సంగతి తెలిసినా ఇవాళ్టి వాడుకకు ఉపయోగం లేదు. పైగా ఒకేలా వినిపించే మాటలన్నీ బంధువులు కావు. క్రికెట్ బ్యాటుకూ, రాత్రిపూట ఎగిరే గబ్బిలం పేరు ‘బ్యాట్’కూ సంబంధం లేదు, పట్టుచీరలోని పట్టూ, పట్టుదలలోని పట్టూ వేరువేరు. నేను అడిగేది పుట్టుకతోనే అర్థం తేల్చమని కాదు. అర్థాన్ని తేల్చేది వాడుకే. ఇవాళ్టి అర్థాల నడుమ బతికి ఉన్న బంధాన్ని చూపడానికి చరిత్ర సాయం తీసుకోమని మాత్రమే అంటున్నాను. బంధం తెగిపోయిన చోట, అసలే లేని చోట, ఆ మాట కూడా చెప్పాలి. మంచి నిఘంటువులు ‘బ్యాట్’ను రెండు వేరువేరు పదాలుగా ఇచ్చేది అందుకే.

రెండో అభ్యంతరం ఉపాధ్యాయులది: పిల్లలకు ఇంత చరిత్ర వినే తీరిక ఎక్కడిది, ఎక్కువ వాడే అర్థం ముందు చెబితే చాలదా? నిఘంటుకర్తల్లోనూ ఈ రెండు దారులున్నాయి. 1884లో భాగాలుగా వెలువడటం మొదలై 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు, స్వచ్ఛంద పాఠకులు చీటీల మీద రాసి పంపిన ప్రయోగాల ఆధారంగా, అర్థాలను చరిత్ర క్రమంలో పేర్చింది. 1987లో వచ్చిన కోబిల్డ్ నిఘంటువు కంప్యూటర్లో పోగుచేసిన వాడుకను చూసి, నేర్చుకునేవాళ్ల అవసరానికి తగ్గట్టు పూర్తి వాక్యాల్లో వివరణలిచ్చింది. తొందరలో అర్థం వెతుక్కునేవాడికి రెండోదే మేలని ఒప్పుకుంటాను. కానీ వెతుక్కోవడం వేరు, నేర్చుకోవడం వేరు. ‘ఛార్జి’కి పది అర్థాలు విడివిడిగా నేర్పడానికి పట్టే సమయంలో పదోవంతు చాలు, బరువు అన్న ఒక్క సంగతి చెప్పడానికి. ఆ తర్వాత ఏ అర్థమో తేల్చేది పక్కనున్న మాటలే. పోలీసు పక్కన ఉంటే ఒకటి, బ్యాటరీ పక్కన ఉంటే ఇంకొకటి. మూలార్థం, వాడుక వాక్యం రెండూ కలిస్తేనే మాట వంటబడుతుంది. 1852లో వెలువడిన బ్రౌణ్య నిఘంటువు ఇవాళ్టికీ పనికొస్తోందంటే, తెలుగు మాటలకు జనం నోటి వాక్యాలను పక్కన పెట్టడం అందుకు ఒక ముఖ్య కారణం.

ఇది తరగతి గదితో అయిపోయే సంగతి కూడా కాదు. పోలీసులు వేసేది ఛార్జిషీటు. దాన్ని పరిశీలించి అభియోగాలు ఖరారు చేసేది న్యాయస్థానం. విచారణ సాగించడానికి తగిన ఆధారం లేదని అభియోగాల దశలోనే విడిచిపెడితే అది డిశ్చార్జి. విచారణ పూర్తయ్యాక నిర్దోషి అని తీర్పిస్తే అది వేరు. ఈ తేడాలను ‘కేసు కొట్టేశారు’ అన్న ఒక్క ముక్కలో కలిపేసి వార్త రాస్తే, ఒక మనిషి పరువు గురించి పాఠకుడికి తప్పు సమాచారం చేరుతుంది. బరువు విచారణకు ముందే దించారా, విచారణ ముగిశాక దించారా అన్న తేడా తెలిసిన విలేకరి ఆ పొరపాటు చెయ్యడు. కాబట్టి ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లకు, ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులు కూర్చేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. సమానార్థకాలను కామాలతో వరసగా పేర్చి వదిలెయ్యకండి. మూలార్థం ఒక వాక్యంలో చెప్పండి, ప్రతి అర్థానికీ ఒక వాడుక వాక్యం ఇవ్వండి, సంబంధం లేనివాటిని వేరు చేసి చూపండి. పాఠకులు కూడా ఈసారి నిఘంటువు తెరిచినప్పుడు కావలసిన అర్థం దొరకగానే మూసెయ్యకుండా, ఆ మాట కింద ఉన్నదంతా ఒక్కసారి చివరిదాకా చదవండి.