ఒక పలక తరుగు, ఒక పలక పూత

పెళ్లిళ్ల రోజుల్లో నంద్యాల, ఆళ్లగడ్డ అంగళ్లలో గిల్టు గొలుసు చేతికి తీసుకున్న ఏ ఇల్లాలైనా అడిగేది ఒకటే: "అన్నా, ఎన్నాళ్లు నల్లబడకుండా ఉంటుంది?" జవాబు గొలుసు మీది బంగారం మందంలో ఉంది. ఆ మందాన్ని లెక్కకట్టే సూత్రం ఇంటర్ పిల్లల కెమిస్ట్రీ పుస్తకంలోనే ఉంది.

గిల్టు నగ అంటే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది బందరు చిలకలపూడి. రాగి, ఇత్తడి సొమ్ములకు బంగారు మెరుగు పెట్టే పని అక్కడ తరాలుగా సాగుతోంది. బంగారు రేకును చవక లోహానికి అతికించి సాగదీస్తే రోల్డ్ గోల్డ్. కరెంటు పూత దారి వేరు. నగను శుభ్రంగా కడిగి, బంగారు లవణం కరిగిన ద్రావణంలో ముంచి, బ్యాటరీ మైనస్ తీగకు తగిలిస్తారు. నీళ్లలోని బంగారు అయాన్లు నగను చేరి, ఎలక్ట్రాన్లు అందుకుని లోహమై అతుక్కుంటాయి.

ఎంత అతుక్కుంటుంది? 1830లలో మైకేల్ ఫారడే తేల్చిన సంగతి ఇది: పేరుకునే లోహం బరువు, పారిన విద్యుత్తుకు సరిగ్గా అనులోమంగా ఉంటుంది. ఆంపియర్లను సెకన్లతో గుణిస్తే కూలుంబులు. 96,500 కూలుంబులు పారితే వెండి 108 గ్రాములు పేరుకుంటుంది. సయనైడ్ ద్రావణంలోని బంగారమైతే 197 గ్రాములు. రాగి అయానుకు రెండు ఎలక్ట్రాన్లు కావాలి కాబట్టి దాని పరమాణు భారం 63.5లో సగమే, అంటే 31.75 గ్రాములు.

ఇప్పుడు గొలుసు సంగతి. దాని ఉపరితలం 50 చదరపు సెంటీమీటర్లు, పూత ఒక మైక్రాను అనుకుందాం. బంగారం సాంద్రత ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములు. గుణిస్తే దాదాపు 97 మిల్లీగ్రాములు, అంటే గ్రాములో పదోవంతు కూడా నిండదు! దానికి కావలసింది 47.5 కూలుంబులు. 0.2 ఆంపియర్ల కరెంటు పెడితే నాలుగు నిమిషాలు. సమయం రెట్టింపు చేస్తే మందమూ రెట్టింపు.

ఇది కాగితం మీది లెక్క. కరెంటులో కొంత హైడ్రోజన్ బుడగలకు పోతుంది కాబట్టి నిజంగా పడే పూత కాస్త తగ్గుతుంది. అందుకే నగను ముంచక ముందు, తీశాక తూకం వేసి చూడాలి. పూత పలుచనైతే అడుగు రాగి మెల్లగా పైకి పాకి నల్లబడుతుంది. నడుమ నికెల్ పొర వేస్తే అలా పాకకుండా అడ్డుపడుతుంది.

ప్లస్ తీగ సంగతేమిటి? బంగారు పూతలో తరచుగా కరగని లోహాన్ని అక్కడ పెడతారు. దాని బరువు మారదు. తరిగేది ద్రావణంలోని బంగారం. మళ్లీ లవణం కలపకపోతే తర్వాతి నగలకు రంగు రాదు.

రాగి పలకలతో ఇదే ప్రయోగం కళ్లారా చూడొచ్చు. మైలుతుత్తం నీళ్లలో రెండు రాగి పలకలు నిలిపి, 0.5 ఆంపియర్లు అరగంట పంపితే 900 కూలుంబులు. మైనస్ పలక 0.296 గ్రాములు పెరుగుతుంది. ప్లస్ పలక అంతే తరగాలి. రాగి శుద్ధమైనది కాకుంటే మాత్రం తరుగు, పూత సరిపోవు. కరగని మలినాలు గాజు పాత్ర అడుగున నల్లటి బురదగా దిగుతాయి. పెద్ద రాగి కర్మాగారాల్లో ఆ బురదను పారబోయరు. అందులోంచి వెండి, బంగారం తీస్తారు.