ఫియట్ మెకానిక్ చెవి

ఇటలీ కారంటే ఎర్ర ఫెరారీయే గుర్తొచ్చేవాళ్లతో నాకు పేచీ లేదు. మన ఇళ్లముందు నిలబడ్డ ఇటలీ కారు మాత్రం ఫియట్ 1100. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ సంస్థ తయారుచేసేది. 1970లలో దానికే పద్మిని అని పేరు పెట్టారు. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు. 2000 ప్రాంతంలో తయారీ ఆగిపోయింది.

యలహంకలో అలాంటి బండి ఇవాళ్టికీ రోడ్డెక్కుతోందంటే ఆ గొప్ప ఓనరుది కాదు, మెకానిక్‌ది. హిందూపురం దారిలో ఉన్న ఊరు కదా, షెడ్డులో కన్నడం, తెలుగు కలగలిసే వినిపిస్తాయి. కంప్యూటరు తగిలించి రోగం చెప్పించుకునే వీలు ఈ బండికి లేదు. డిస్ట్రిబ్యూటరు మూత తీసి, నల్లబడ్డ పాయింట్లను ఎమరీ కాగితంతో రుద్ది, మధ్యలో ఫీలర్ గేజి రేకు దూర్చి, అది కాస్త పట్టుగా జారేదాకా సర్దుతాడు. "స్టార్ట్ చేయండి సార్" అని బానెట్ మీదికి వంగి వింటాడు. టకటకల్లో ఏ టాపెట్ వదులో ఆ చెవికి తెలుసు. దొరకని స్పేరుంటే లేత్ మీద చేయించుకొస్తాడు.

పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆర్టీవో తనిఖీలో నెగ్గాలి. చేతులు మారినప్పుడల్లా ఆర్సీలో పేరు మారుతుంది. క్లచ్ మీది కాలు తీయకుండా నడిపిందెవరు, రేడియేటరులో బోరునీళ్లు పోసిందెవరు, అవి మాత్రం అందులో ఎక్కవు. కొనబోయేవాళ్లు ముందు మెకానిక్‌ని అడగడం మేలు. అమ్మేవాళ్లకది అంతగా రుచించదనుకోండి.