పులుపే ప్రాణంగా పండే షెనిన్ బ్లాంక్

ఫ్రాన్సు పశ్చిమ భాగాన లువార్ నదీ తీరంలో, ముఖ్యంగా ఆంజూ, తూరేన్ సీమలలో శతాబ్దాలుగా సాగవుతున్న షెనిన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్ష నుంచి తీపి జాడలేని వైన్, కొద్దిపాటి తీపి గల వైన్, చిక్కని తీపి వైన్, నురగలు పొంగే వైన్ అన్నీ తయారవుతాయి. ఇన్ని రూపాలకు ఒదిగే తెల్ల ద్రాక్షలు లోకంలో బహు కొద్ది. జర్మనీకి చెందిన రీస్లింగ్‌ను మాత్రం దీనికి సాటిగా నిస్సంకోచంగా చెప్పవచ్చు. క్విన్స్ పండును, ఆపిల్‌ను, చామంతిని, తేనెను తలపించే సువాసనలు దీనికి ఉన్నప్పటికీ, ఈ బహురూప శక్తికి మూలం సువాసనలో కాక పులుపులో ఉంది.

ద్రాక్ష పండేకొద్దీ కాయలో చక్కెర పెరిగి, పులుపు తగ్గుతుంది. చాలా రకాలలో పండు బాగా మాగేసరికి పులుపు అడుగంటి రసం చప్పబడిపోతుండగా, షెనిన్ మాత్రం చల్లని ప్రాంతాలలో పూర్తిగా మాగిన తరువాత కూడా తన ఆమ్లతను నిలుపుకుంటుంది. పులియబెట్టేటప్పుడు ఈస్టు అనే సూక్ష్మజీవి చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది కాబట్టి, ఆ క్రియను చివరిదాకా సాగనిస్తే 'డ్రై' అని పిలిచే తీపిలేని వైన్, మధ్యలో ఆపితే తీపి వైన్ వస్తాయి. తీపి ఎంత మిగిలినా వెగటు పుట్టకుండా కాపాడేది, మంచి వైన్‌ను దశాబ్దాల తరబడి నిలువ ఉంచేది ఆ పులుపే. అయితే ఈ తీగ తొందరగా చిగురించి ఆలస్యంగా పండుతుంది కనుక, వసంతంలో మంచుకు చిగుళ్లు మాడిపోయే ప్రమాదం, శరత్తులో వానలకు పంట కుళ్లిపోయే ప్రమాదం రెండూ పొంచి ఉంటాయి. పైగా ఒకే గుత్తిలోని కాయలు సైతం ఒక్కసారిగా పండవు.

తూర్ నగరం పక్కనున్న వూవ్రేలో, తూఫో అనే మెత్తని సున్నపురాయిని తొలిచిన గుహలలో వైన్‌ను నిలువచేసే తయారీదారులు, ఏ వైన్ చేయాలో ముందుగా నిశ్చయించుకోరు. వేసవి చల్లగా గడిచిన ఏడు డ్రై వైన్‌కూ, సీసాలోనే రెండోసారి పులియబెట్టి పుట్టిన వాయువును అందులోనే బంధించే నురగ వైన్‌కూ మొగ్గు చూపుతారు. ఎండలు బాగా కాసిన ఏడు అవే తోటల నుంచి తీపి వైన్ తీస్తారు. 1928లో మొదలైన యుయే వైన్ సంస్థ ఈ పద్ధతికి పేరెన్నిక గన్నది. ఏటా ఒకే రుచి అందించాలనే మార్కెట్ ఒత్తిడి బలంగా ఉన్న కాలంలో, వాతావరణానికి ఇంత విధేయంగా నడిచే వృత్తి నిబద్ధత నిజంగా గౌరవించదగినది.

ఈ ద్రాక్షకు పరాకాష్ఠ మాత్రం లువార్‌లో కలిసే లేయాన్ అనే చిన్న నది ఒడ్డున కనిపిస్తుంది. శరదృతువులో ఉదయం కమ్మిన పొగమంచు కాయలను తడిపితే, మధ్యాహ్నపు ఎండా గాలీ వాటిని ఆరబెడతాయి. ఈ తడిపొడుల నడుమ బోట్రైటిస్ అనే బూజు కాయ తొక్కలో సన్నని రంధ్రాలు చేయగా, నీరు ఆవిరై చక్కెర, పులుపు రెండూ చిక్కబడతాయి. బంగారు రంగు కాయ క్రమంగా ఊదా గోధుమ వన్నెకు తిరిగి, ముడతలు పడి, బూడిదరంగు నూగుతో కప్పబడుతుంది. చూసేందుకు పాడైపోయినట్లున్న ఆ కాయలనే కూలీలు చేతితో ఏరి కోసి, తక్కినవాటిని తీగకే వదిలి, కొన్ని రోజుల తరువాత మళ్లీ వస్తారు. కోత ఇలా అనేక విడతలుగా కొన్ని ఏళ్లు నవంబరు దాకా సాగుతుంది. కాయలు ఒక్కసారిగా పండకపోవడమనే లోపమే ఇక్కడ వరమైంది. కార్ ద షోమ్, బొన్నెజో గ్రామసీమల తీపి వైన్ల ఖ్యాతికి ఆధారం ఈ ఓపికే. సమీపంలోని సావెన్నియేర్‌లో, పలకరాతి నేలల మీద, ఇదే ద్రాక్ష ప్రధానంగా దృఢమైన డ్రై వైన్‌గా రూపొందుతుంది.

నేడు షెనిన్ ఫ్రాన్సులోకంటే దక్షిణాఫ్రికాలో ఎక్కువ విస్తీర్ణంలో సాగవుతోంది. అక్కడ 'స్టీన్' అనే పేరుతో తరతరాలుగా పెంచుతూ వచ్చిన తీగ షెనినేనని 1960వ దశకంలోగాని నిర్ధారణ కాలేదు. చాలాకాలం బ్రాందీ బట్టీలకూ చవక వైన్లకూ పోయిన ఈ పంట, స్వార్ట్‌లాండ్ వంటి చోట్ల పందిరి లేకుండా పొదలుగా పెరిగే ముదురు తీగల విలువను కొత్త తరం గుర్తించడంతో గౌరవం పొందింది. 35 ఏళ్లు దాటిన తోటలకు ధ్రువీకరణ ముద్ర ఇచ్చే ఏర్పాటు కూడా అక్కడ వచ్చింది.

భారతదేశంలో నాసిక్ ప్రాంతపు సులా సంస్థ 2000లో విడుదల చేసిన తొలి వైన్లలో షెనిన్ ఒకటి. తీగను నిద్రపుచ్చే శీతకాలం అక్కడ లేదు కాబట్టి, హైదరాబాద్ పరిసరాల ద్రాక్ష రైతులకు చిరపరిచితమైన రెండు కత్తిరింపుల పద్ధతినే పాటిస్తారు: వేసవి కత్తిరింపుతో కొత్త కొమ్మలను పెంచి, వానలు తగ్గుముఖం పట్టాక రెండో కత్తిరింపుతో కాపుకు తెస్తారు. పంట జనవరి నుంచి మార్చి లోపు చేతికి వస్తుంది. ఎండ ముదిరితే పులుపు కరిగిపోతుంది కనుక, చక్కెర ఇంకా పెరగాలని ఆశపడకుండా, చల్లని వేళలోనే గుత్తులు కోసి వెంటనే రసం తీయడం అక్కడి షెనిన్‌కు తప్పనిసరి.