సన్నాల వెనుక ఉన్న పనితనం

హనుమకొండ చుట్టుపక్కల ఏ ఊళ్లో అడిగినా సన్నాల గురించి, అంటే సన్నగింజ వరి రకాల గురించి, గంటసేపు మాట్లాడేవాళ్లు దొరుకుతారు. ఏ రకం అన్నం పొడిపొడిగా వస్తుందో, ఏ రకం గాలికి పడిపోతుందో, దేన్ని ఉల్లికోడు పురుగు ముట్టదో, ఏ వడ్లు మర పట్టిస్తే నూకలవుతాయో అన్నీ వాళ్లకు తెలుసు. ఈ గుణాలన్నిటి వెనుక ఒక గొప్ప పనితనం ఉంది. దాన్ని చేసేది వరి కణం. ఆ పనితనాన్ని చదివి, దాని మర్మం పట్టుకుని, విత్తనం రూపంలో రైతు చేతిలో పెట్టినవాళ్లు మన శాస్త్రవేత్తలు. చేనేత కళాకారుడికీ శిల్పికీ శాలువా కప్పే మనం ఈ విద్యావంతులకు మాత్రం బాకీ పడ్డాం.

వరి జన్యుపటం 2005లో పూర్తయింది. దాదాపు 38.9 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలు, అందులో దాదాపు 37,500 జన్యువులు ఉన్నాయని అప్పటి లెక్క. పదకొండో క్రోమోజోమ్‌లో కొంత భాగాన్ని భారతీయ బృందాలే చదివాయి. ఆ జన్యువులన్నీ వేరులో ఉన్నాయి, ఆకులో ఉన్నాయి, పుప్పొడిలో కూడా ఉన్నాయి. మరి వేరు వేరులా, ఆకు ఆకులా ఎందుకున్నాయి? ఏ జన్యువు ఎప్పుడు, ఎక్కడ, ఎంత పనిచేయాలో కణం నిర్ణయిస్తుంది కాబట్టి. జన్యు వ్యక్తీకరణ నియంత్రణ అంటే ఇదే. పారిస్‌లో జాకబ్, మోనో 1961లో ఒక బాక్టీరియాలో దీని మూలసూత్రం చూపించారు, 1965లో నోబెల్ అందుకున్నారు. చరిత్ర ఇంతటితో చాలు, పనితనం చూద్దాం.

కాకతీయుల గొలుసుకట్టు చెరువులు ఎరిగినవాళ్లకు కణం పద్ధతి తేలిగ్గా బోధపడుతుంది. నీళ్లను ఒక్కచోటే ఆపి వదిలేయరు. మత్తడి, తూము, కాలువ, పిల్లకాలువ, చివరికి మడి గట్టు, ప్రతిచోటా ఒక అదుపు ఉంటుంది. కణం కూడా డీఎన్‌ఏ నుంచి ప్రోటీన్ దాకా మెట్టు మెట్టుకూ అదుపు పెట్టుకుంది.

మొదటి మెట్టు డీఎన్‌ఏ చుట్ట. హిస్టోన్లనే ప్రోటీన్ల మీద డీఎన్‌ఏ చుట్టుకుని ఉంటుంది. చుట్ట బిగుసుకుని, డీఎన్‌ఏ మీద మిథైల్ గుర్తులు పడితే అక్కడి జన్యువు మూగబోతుంది. ఒక్క అక్షరం మారకుండానే వరి మొక్క మరుగుజ్జు అయిపోవడాన్ని జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. ఒకే దుబ్బులో ఒక పిలక పొట్టిగా, పక్క పిలక మామూలుగా పెరిగింది! రాత అదే, చుట్ట మారింది.

రెండో మెట్టు నకలు తీయడం. డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ నకలు తీయాలా వద్దా అని జన్యువు ముందుండే ప్రమోటర్ దగ్గర తేలుతుంది. మన రైతులను ఏడిపించిన బాక్టీరియా ఎండాకు తెగులు సరిగ్గా ఇక్కడే దొంగ దెబ్బ తీస్తుంది. తెగులు కలిగించే జాంథోమోనాస్ తన ప్రోటీన్‌ను వరి కణంలోకి పంపుతుంది. అది కేంద్రకంలోకి వెళ్లి, స్వీట్11 అనే వరి జన్యువు ప్రమోటర్ మీద కూర్చుని దాన్ని పని చేయిస్తుంది. కణంలోని చక్కెర బయటికి కారుతుంది. బాక్టీరియాకు అదే విందు. అయితే ఆ జన్యువును తీసేస్తే సరిపోదా? సరిపోదు. పుప్పొడి తయారీకి అదే ఆధారం, అది లేకపోతే గింజే పట్టదు. ప్రకృతి ఈ చిక్కును ఎంత సొగసుగా విప్పిందో చూడండి. కొన్ని వరి రకాల్లో జన్యువు అలాగే ఉంది, ప్రమోటర్‌లో మాత్రం మార్పు వచ్చింది. బాక్టీరియా ప్రోటీన్‌కు కూర్చునే చోటు పోయింది, పుప్పొడికి కావలసిన పని మాత్రం సాగుతూనే ఉంది. ఎక్స్ఏ13 అని పిలిచే నిరోధక గుణం ఇదే. ఎక్స్ఏ5 మరో రకం నేర్పు. నకలు తీసే యంత్రాంగంలోని ఒక ప్రోటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది, అంతటితో బాక్టీరియాకు ఆ యంత్రాంగం మీద పట్టు సడలింది.

ఈ రెండు గుణాలనూ, వాటికి తోడు తెగులు రాకను పసిగట్టే ఎక్స్ఏ21నూ కలిపి మన సాంబ మసూరిలోకి తెచ్చిన ఘనత హైదరాబాద్‌ది. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన ఈ సాంబ మసూరి (బీపీటీ 5204) తిండికి రాజు, తెగుళ్లకు మాత్రం లొంగిపోయేది. కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో రమేశ్ సొంటి బృందం, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థలో ఆర్.ఎం. సుందరం తదితరులు చేతులు కలిపారు. మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే సంకరం చేస్తూ, ప్రతి తరంలోనూ మొక్కల డీఎన్‌ఏ పరీక్షించి, మూడు జన్యువులూ ఉన్న మొక్కలనే ఏరారు. గింజ తీరు, అన్నం రుచి చెక్కుచెదరలేదు. మెరుగుపరచిన సాంబ మసూరి 2008లో విడుదలైంది. ప్రయోగశాలలో జన్యువు ఒక్కటీ చొప్పించలేదు, అంతా వరికీ వరికీ కలిపిన సంబంధమే. ఇంతటి ఓపిక, ఇంతటి సూక్ష్మదృష్టి ఏ శిల్పి పనికి తీసిపోతుంది?

మూడో మెట్టు కత్తిరింపు. నకలులో పనికిరాని ఇంట్రాన్ ముక్కలను తీసేసి మిగతాది అతికిస్తేనే సందేశం చదవడానికి పనికొస్తుంది. అన్నం అంటుకోవడానికీ అంటుకోకపోవడానికీ ఇక్కడే ఒక పెద్ద కారణం ఉంది. గింజ పిండిలోని అమైలోజ్‌ను తయారుచేసే వ్యాక్సీ జన్యువులో మొదటి ఇంట్రాన్ మొదలయ్యే చోట జపానీ రకాల్లో 'జి' అక్షరం 'టి'గా మారింది. దాంతో కత్తిరింపు సరిగా సాగదు, అమైలోజ్ తగ్గుతుంది, అన్నం జిగటగా ఉంటుంది. మన సన్నాల్లో ఆ 'జి' చెదరలేదు. పప్పు కలుపుకుంటే మెతుకు మెతుకుగా విడిపోయే మన అన్నం వెనుక ఉన్నది ఆ ఒక్క అక్షరం!

నాలుగో మెట్టు సందేశం ఆయుష్షు. మైక్రో ఆర్‌ఎన్‌ఏలనే చిన్న తునకలు తమకు సరిపడే సందేశాలను పట్టుకుని అణచివేస్తాయి. ఆంబ్రోస్, రవ్‌కున్ 1993లో ఒక చిన్న పురుగులో వీటిని కనిపెట్టారు, 2024లో నోబెల్ వచ్చింది. వరిలో మొక్క ఆకృతిని దిద్దే ఒక జన్యువు సందేశం మీద మైక్రో ఆర్‌ఎన్‌ఏ పట్టు తప్పితే ఏమవుతుందో చైనా, జపాన్ బృందాలు 2010లో చూపించాయి. వట్టి పిలకలు తగ్గాయి, కాండం గట్టిపడింది, కంకి బరువెక్కింది.

ఐదో మెట్టు ప్రోటీన్ తయారీ. సందేశం సిద్ధంగా ఉన్నా తయారీని ఆపి ఉంచే చిన్న అడ్డు ముక్కలు కొన్ని సందేశాల మొదట్లో ఉంటాయి. రక్షణ ప్రోటీన్ ఎప్పుడూ తయారవుతూ ఉంటే పైరు గిడసబారుతుంది. అందుకే తెగులు వచ్చినప్పుడే ఆ అడ్డు తొలగేట్టు షిన్నియాన్ డాంగ్ బృందం 2017లో వరిని తీర్చిదిద్దింది. ఎండాకు తెగులూ, అగ్గి తెగులూ తగ్గాయి, ఎదుగుదల మందగించలేదు.

చివరి మెట్టు తయారైన ప్రోటీన్‌ను ఉంచడమా, తొలగించడమా అన్న తీర్పు. జిబ్బరెల్లిన్ హార్మోన్ అందినప్పుడు, పెరుగుదలను పట్టి ఉంచే డెల్లా ప్రోటీన్‌ను కణం ముక్కలు చేసేస్తుంది, మొక్క ఎత్తు పెరుగుతుంది. ఆ హార్మోన్‌ను గుర్తించే గ్రాహకాన్ని జపాన్ శాస్త్రవేత్తలు 2005లో వరిలోనే కనుక్కున్నారు. హరిత విప్లవపు పొట్టి వరిలో ఈ హార్మోన్ తక్కువ, అందుకే డెల్లా నిలిచి ఉంటుంది, పైరు పడిపోదు. సాంబ మసూరికి ఆ పొట్టితనం తైచుంగ్ నేటివ్-1 వంశం నుంచి వచ్చింది.

మన వరంగల్‌కు ఈ విద్యలో ప్రత్యేకమైన పరీక్ష ఉంది. ఇక్కడి ఉల్లికోడు తీరే వేరని శాస్త్రవేత్తలు దానికి 4ఎం బయోటైప్ అని పేరు పెట్టారు. దాని పిల్లపురుగు మొవ్వులో చేరి వరి కణాల పనినే తారుమారు చేస్తుంది, ఆకు తొడుగు ఉల్లికాడలా గొట్టమైపోతుంది, ఆ పిలక ఇక కంకి వేయదు. నిన్న తట్టుకున్న రకాన్ని రేపు పురుగు జయించవచ్చు. అందుకే మన ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఏళ్ల తరబడి ఈ పురుగుతో పోరాడుతోంది. ఉల్లికోడును తట్టుకునే సిద్ధి రకం అక్కడ పుట్టిందే. వరంగల్ సాంబ, వరంగల్ సన్నాలు కూడా ఆ పొలాల బిడ్డలే. నేను ఈ ప్రభుత్వ పరిశోధన స్థానాల పక్షం. దాచుకోవలసిన పనిలేదు.

ఇంత పనితనాన్ని మనం ఎలా చూసుకుంటున్నాం? ఇక్కడే నా కడుపు మండుతోంది. రంగుల సంచి మీద పెద్ద అక్షరాలతో తెగులు రాదని, దిగుబడి రెట్టింపని అచ్చువేసి, లోపల ఏవో వడ్లు పోసి అమ్మేవాళ్లు ఏటా వానకాలం ముందు ప్రత్యక్షమవుతారు. పేరున్న రకం పేరు పెట్టి కల్తీ విత్తనం అంటగడతారు. పేరు నకలు చేయడానికి ఒక పూట చాలు. ఆరు మెట్లలో ఏ జన్యువు ఎక్కడ పలకాలో చూసి ఏరిన విత్తనాన్ని నకలు చేయడం వాళ్ల తరమా? నారు పోసి, నాటి, ఎరువు వేసి, కంకి తీసే వేళకు గానీ మోసం బయటపడదు. అప్పటికి రైతు కాలమూ అప్పు తెచ్చిన సొమ్మూ రెండూ పోతాయి. 1966 విత్తన చట్టం మొదటి తప్పుకు రాసిన గరిష్ఠ జరిమానా 500 రూపాయలు! ఒక కుటుంబం ఏడాది కష్టానికి ఇదా వెల? తెలంగాణ ప్రభుత్వం నకిలీ విత్తనాల వ్యాపారుల మీద ముందస్తు నిర్బంధానికి వీలిచ్చే పీడీ చట్టం ప్రయోగించడం మంచి పనే. కానీ పట్టుకోవడం కన్నా ముందు పరీక్షించడం ముఖ్యం. విత్తనం అసలుదా కాదా అన్నది డీఎన్‌ఏ పరీక్షతో తేల్చగల విద్య మన దగ్గరే ఉన్నప్పుడు అది మండల స్థాయికి ఎందుకు రాదు?

రెండో దెబ్బ చదువు మీద పడింది. జన్యు నియంత్రణను నాలుగు మార్కుల బొమ్మగా బట్టీ పట్టించి పరీక్ష దాటించే శిక్షణ పెరిగింది. పొలానికి తీసుకెళ్లి, ఉల్లిగొట్టం చీల్చి పురుగును చూపించే పాఠం తగ్గింది. విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకుల పోస్టులు ఏళ్లకేళ్లు ఖాళీగా ఉంటే ఈ విద్య ఎవరి చేతుల మీదుగా తర్వాతి తరానికి చేరుతుంది?

రైతు సోదరులారా, ధ్రువీకరించిన విత్తనం సంచికి నీలం ట్యాగు ఉంటుంది, చూసి కొనండి. బిల్లు అడిగి తీసుకోండి, పంట చేతికొచ్చేదాకా సంచీ బిల్లూ దాచండి. పైన చెప్పిన సన్న రకాలు హైబ్రిడ్లు కావు కాబట్టి, మంచి విత్తనం ఒకసారి దొరికితే కల్తీ లేని మడి నుంచి మీరే విత్తనం కట్టుకోవచ్చు. అధ్యాపకులారా, ఈ పాఠాన్ని వరి దుబ్బు ముందు నిలబడి చెప్పండి. పాలకులారా, పరిశోధన స్థానాలకు మనుషులనూ నిధులనూ ఇవ్వండి, విత్తన పరీక్షను రైతు దగ్గరికి తెండి. సన్నాలు తిని వాటి రుచిని పొగిడే ప్రతి ఒక్కరం ఈ మూడూ అడగాలి, జరిగేదాకా అడుగుతూనే ఉండాలి.