తిరిగిరాని విమానం, తిరిగొచ్చిన కథనం: 1943 బెర్లిన్ రాత్రిదాడిపై మర్రో నివేదిక – రసదృష్టితో పరిశీలన

వ్యాససంగ్రహం:
1943 డిసెంబరు 2 రాత్రి బెర్లిన్‌పై జరిగిన బాంబుదాడిని అమెరికన్ రేడియో విలేకరి ఎడ్వర్డ్ ఆర్. మర్రో మరునాడు శ్రోతలకు వివరించాడు. తిరిగిరాని సహచరుల తరఫున కూడా తాను మాట్లాడుతున్నానని అందులో చెప్పుకున్నాడు. ఒకరి తరఫున మరొకరు చెప్పే ఈ కథనం ఎంతవరకు సాధ్యమైంది, ఎక్కడ ఆగిపోయింది అన్న విషయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: రాత్రిదాడి, యుద్ధకథనం, సాక్ష్యం, కరుణరసం, విప్రలంభం, మర్రో, గ్రీగ్.

1. ఉపోద్ఘాతం:
యుద్ధసాహిత్యంలో అధికభాగం బతికి బయటపడినవారు చెప్పినదే. నేలమీది పోరులో పక్కన కూలిన సైనికుణ్ణి చూసినవాడు ఉంటాడు; అతని చివరిమాట విన్నవాడూ ఉండవచ్చు. రాత్రివేళ శత్రుదేశం మీదికి వెళ్లిన బాంబర్ విమానం విషయంలో ఆ అవకాశం చాలా తక్కువ. రెండవ ప్రపంచయుద్ధకాలంలో బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో పనిచేసిన సుమారు 1,25,000 మంది వైమానిక సిబ్బందిలో 55,573 మంది మరణించారు. లాంకాస్టర్ విమానంలో సాధారణంగా ఏడుగురు ఉండేవారు. విమానం కూలితే చూసినవారు, చెప్పవలసినవారు ఒక్కసారే పోయేవారు. పక్క విమానంలోనివారికి కనిపించేది చీకటిలో ఒక వెలుగు మాత్రమే. అది ఎవరి విమానమో చాలాసార్లు తెలిసేది కాదు. ఈ పరిస్థితి కథనరూపాన్ని ఎలా నిర్ణయించిందో తెలుసుకోవడానికి మర్రో నివేదిక తగిన ఆధారం.

2. ఆ రాత్రి – నలుగురు సాక్షులు:
ఆ రాత్రి 458 విమానాలు బెర్లిన్ దాడికి బయలుదేరాయి. ముందుగా అంచనా వేసిన గాలులు వేరు, నిజంగా వీచిన గాలులు వేరు కావడంతో విమానాల శ్రేణి చెదిరిపోయింది. లక్ష్యం బెర్లిన్ అని జర్మన్ రక్షణదళాలు ముందే పసిగట్టాయి. 40 విమానాలు తిరిగిరాలేదు.

ఈ దాడిలో వేర్వేరు విమానాల్లో పరిశీలకులుగా వెళ్లినవారిలో నలుగురు ఇక్కడ ముఖ్యులు. సి.బి.ఎస్. సంస్థకు చెందిన మర్రో తిరిగి వచ్చాడు. అమెరికన్ విలేకరి లోవెల్ బెనెట్ పారాచ్యూట్‌తో దిగి బందీ అయ్యాడు. ఆస్ట్రేలియన్ విలేకరి నార్మన్ స్టాక్టన్, నార్వే కవి, నాటకకర్త నోర్దాల్ గ్రీగ్ మరణించారు. ఈ చివరి ఇద్దరూ వెళ్లినవి 460వ ఆస్ట్రేలియన్ స్క్వాడ్రన్ విమానాలు. ఆ రాత్రి ఆ స్క్వాడ్రన్ ఒక్కటే అయిదు విమానాలను కోల్పోయింది. ఒకే దాడి నుంచి మర్రో ప్రసంగం, 1945లో వెలువడిన బెనెట్ ‘పారాచ్యూట్ టు బెర్లిన్’, మిగిలిన ఇద్దరి మౌనం పుట్టాయి. మొదటి రెండింటిని చదివేటప్పుడు ఆ మౌనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

3. ఉపమానాల దూరం:
మర్రో నివేదికలోని ఉపమానాలు శాంతికాలపు జీవితం నుంచి వచ్చినవి. నల్లని వస్త్రంపై చల్లిన బియ్యం, మతిచెడిన పొద్దుతిరుగుడు పూలు, వాద్యగోష్ఠి వంటివాటితో అతడు నిప్పుబాంబులను, పేలుళ్లను, మండుతున్న నగరాన్ని పోలుస్తాడు. యుద్ధాన్ని ఎన్నడూ చూడని శ్రోతకు దృశ్యం అందించడానికి ఇవి ఉపకరించాయి. అయితే ఆ అందం ఎత్తునుంచి చూడటం వల్ల కలిగినది. నగరాన్ని పూలతోటగా మార్చిన దూరమే, కూలుతున్న విమానాన్ని ఒక వెలుగుగా మారుస్తుంది. ఈ ప్రమాదాన్ని మర్రో గుర్తించినట్లే కనిపిస్తుంది. ముగింపులో ఆకాశంలో చనిపోతున్నవారిని, నేలమాళిగల్లో కాలిపోతున్నవారిని ఒకే వాక్యంలోకి తెస్తాడు. సిబ్బంది ఈ దాడిని కేవలం ‘పని’గా వ్యవహరించడాన్ని కూడా అక్కడే పేర్కొంటాడు. అలంకారం ఇచ్చిన సౌఖ్యాన్ని ఆ వాక్యం వెనక్కి తీసుకుంటుంది. నివేదికకు నైతికబలం ఇచ్చినది ఇదే.

4. తరఫున చెప్పడం – హద్దులు:
వార్త పంపలేకపోయిన విలేకరి తరఫున సహచరులు వార్త చెప్పడం ఆ వృత్తిలో ఆచారమని, తన ప్రసంగం అందుకు చేసిన ప్రయత్నమని మర్రో అంటాడు. తిరిగిరాని మిత్రులుగా స్టాక్టన్, బెనెట్‌ల పేర్లు చెబుతాడు. ఈ వినయం మెచ్చదగినదే. కాని ఆ ఆచారం విలేకరులకు మాత్రమే పరిమితం. వారిని తీసుకువెళ్లిన సిబ్బంది తరఫున చెప్పే ఆచారం ఏదీ లేదు. తన విమానంలోని ఏడుగురిని వారి మాటతీరుతో సహా పరిచయం చేసిన మర్రో, తిరిగిరాని విమానాల సిబ్బందిని పరిచయం చేయలేడు. అతనికి వారు తెలియరు. ఇది వ్యక్తిగత లోపం కాదు, ప్రత్యక్షసాక్ష్యం అనే రూపానికే ఉన్న హద్దు.

ఇదే అసమానత గ్రీగ్ విషయంలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అతని విమానం బెర్లిన్ శివార్లలోని క్లైన్‌మాహ్నోవ్ వద్ద కూలింది, అందులోనివారంతా మరణించారు. సాహిత్యచరిత్రలో అది ‘గ్రీగ్ మరణించిన విమానం’గా మిగిలింది. అతనితోపాటు పోయిన సిబ్బంది ఆ వాక్యంలో లేరు. మౌనంలో కూడా పేరున్నవారికి, పేరులేనివారికి తేడా ఏర్పడింది.

5. కరుణమా? విప్రలంభమా?:
భరతుడు కరుణాన్ని నిరపేక్షభావంగా, విప్రలంభాన్ని సాపేక్షభావంగా వేరుచేశాడు. పునస్సమాగమంపై ఆశ నశించినచోట కరుణం. ఆశ నిలిచినచోట విప్రలంభం. విప్రలంభం నాయికానాయకులకు సంబంధించినది కాబట్టి దాన్ని తల్లిదండ్రుల వేదనకు యథాతథంగా అన్వయించలేము. ఇక్కడ స్వీకరిస్తున్నది ఆశ ఉన్నదా, లేదా అన్న విభజనను మాత్రమే.

విమానం తిరిగిరాకపోతే కుటుంబానికి మొదట అందేది మరణవార్త కాదు. ఆచూకీ తెలియలేదన్న టెలిగ్రామ్. ఆ క్షణంలో కుటుంబం పై రెండు భావాల మధ్య నిలుస్తుంది. ఏడవడం ఆశను చంపుకోవడమవుతుంది. ఏడవకపోవడం పోయినవాడికి అన్యాయం చేసినట్లవుతుంది. మర్రో ప్రసంగం సరిగ్గా ఈ సంధిలోనే వెలువడింది. ‘తిరిగిరాలేదు’ అని అతడు ఒకే ఊపిరిలో చెప్పిన ఇద్దరిలో స్టాక్టన్ మరణించాడు, బెనెట్ బతికి ఉన్నాడు. చెబుతున్నప్పుడు ఆ తేడా తెలిసే వీలు లేదు. అందువల్ల ఆ క్రియాపదం శోకాన్ని స్థాయిగా నిలపదు, ఆశనూ నిలపదు. నివేదిక సంయమనాన్ని పాత్రికేయశైలిగా మాత్రమే చూడటం చాలదు. ఏ రసమో తేలని స్థితికి అది నిజాయితీగల రూపం.

దీనికి భిన్నమైన మార్గం కవిత్వానిది. రాండాల్ జారెల్ 1945 నాటి అయిదు పంక్తుల కవిత ‘ది డెత్ ఆఫ్ ద బాల్ టరెట్ గన్నర్’లో మరణించిన గన్నరే వక్త. అది అమెరికన్ బాంబర్‌కు చెందిన సందర్భం. అయినా చనిపోయినవాడికి గొంతు ఇవ్వగలగడం కల్పనకే సాధ్యమని అది చూపుతుంది. అక్కడ ఆశకు చోటులేదు; అది పూర్తిగా కరుణం.

6. ముగింపు:
మర్రో నివేదికను రాత్రిదాడికి సమగ్రసాక్ష్యంగా చదవడం సరికాదు. అది తిరిగివచ్చిన ఒక విమానం నుంచి కనిపించిన దృశ్యం. ఆ పరిమితిని దాచకుండా, తాను మరొకరి బదులు మాట్లాడుతున్నానని ఒప్పుకోవడమే దాని విలువ. బతికినవారి కథనాలను చదివే విమర్శకుడు ‘ఏం చెప్పారు’ అన్నదానితోపాటు ‘ఎవరు చెప్పలేకపోయారు’ అన్న ప్రశ్నను కూడా వేసుకోవాలి. ఆ రాత్రి తిరిగిరాని 40 విమానాల సిబ్బందికి సాహిత్యవిమర్శ చెల్లించగల కనీస గౌరవం అదే.