గిన్నెకు కళాయి

పైపూత అంటే చాలు, మోసమనే మన చెవికి వినిపిస్తుంది. గిల్టు నగ అన్నా, పైమెరుగు అన్నా లోపలి సరుకు వేరనే చురక. హిందీవాళ్లయితే గుట్టు రట్టవడాన్ని ‘కలయీ ఖుల్‌నా’ అనే అంటారు. ఈ నింద కళాయికి తగదని నా నమ్మకం.

వంటింటి బాణలినీ మనం కళాయి అంటాం. అది ‘కడాయి’కి మారురూపం. ఇత్తడి గిన్నె లోపలి తెల్లటి కళాయి వేరు. అరబ్బీలో ‘ఖలయీ’ అంటే తగరం. మలయా వైపు తగరం దొరికే రేవును అరబ్బు రచయితలు ‘కలా’ అని రాశారు. ఆ ఊరి పేరే లోహానికి వచ్చిందని చాలామంది చెబుతారు. పారశీకం, ఉర్దూల మీదుగా మన దాకా వచ్చేసరికి లోహం పేరు కాస్తా పూతకూ పనికీ పేరైంది.

ఆ పనిని ఎంతసేపైనా చూడబుద్ధవుతుంది. పెద్ద గుండిగ అయితే కుర్రవాడు అందులో నిలబడి, ఇసుక మీద పాదాలతో గిరగిరా తిరుగుతూ తోమేవాడు. కళాయి సాయిబు నేలలో గుంట తీసి, బొగ్గులు రాజేసి, తిత్తితో ఊదేవాడు. కాలిన గిన్నెలో నవసాగరం చల్లగానే తెల్లటి పొగ గుప్పున లేచి ముక్కు ఘాటెక్కేది. ఇత్తడి మీది మకిలిని విడగొట్టేది ఆ నవసాగరమే. అది లేనిదే తగరం అంటుకోదు. తగరం 232 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. కడ్డీని తాకించి, దూదితో చకచకా తుడిస్తే గిన్నె లోపలంతా వెండిలా తేలేది.

ఆ మెరుపు పదిమందికి చూపించడానికి కాదు. గిన్నె బయట ఇత్తడి ఇత్తడిలాగే ఉంటుంది. పూత ఉండేది పులుసు తగిలే చోట. చింతపండు, మజ్జిగ వంటి పులుపు ఇత్తడిలోని రాగిని లాగితే వంట కిలుమెక్కుతుంది. తగరం ఆ రెంటికీ నడుమ నిలిచి, మన కోసం తాను అరిగిపోతుంది.

ఇప్పుడు ఇత్తడి గిన్నెలు మళ్లీ కొంటున్నారు, సంతోషం. కొనేముందు లోపల కళాయి ఉందో లేదో చూడండి. సీసం కలవని తగరమే అడిగి వేయించుకోండి. ఖాళీ గిన్నెను పొయ్యి మీద ఉంచకండి, ఇనుప పీచుతో రుద్దకండి. లోపల పసుపురంగు తొంగిచూస్తే మళ్లీ కళాయి వేయించాల్సిందే. ఆ కూలి దగ్గర మాత్రం బేరమాడొద్దు. స్టీలు వచ్చాక ఆ పనివాళ్లు ఎలాగూ తగ్గిపోయారు. మిగిలినవాళ్లకు బతుకు గడిస్తేనే మన ఇత్తడి గిన్నెలో పులుసు కాగుతుంది.