‘స్వార్డ్ ఆర్ట్ ఆన్‌లైన్’ కథామాలిక: మాయాలోకంలో గడిపిన కాలం – బలాబలాల పరిశీలన

వ్యాససంగ్రహం:

జపాన్ రచయిత కవహరా రెకి రాసిన ‘స్వార్డ్ ఆర్ట్ ఆన్‌లైన్’ నవలామాలిక, దాని అనిమే రూపం నేటి కళాశాల విద్యార్థులకు సుపరిచితాలు. మాయాలోకంలో గడిపిన కాలం మనిషిలో ఏమి మిగులుస్తుందన్న ప్రశ్నను కొలమానంగా తీసుకొని, యోగవాసిష్ఠంలోని లవణోపాఖ్యానంతోను, కళాపూర్ణోదయంతోను పోల్చి, ఈ కథామాలిక బలాలను, లోపాలను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: అనిమే, లైట్ నావెల్, వర్చువల్ రియాలిటీ, లవణోపాఖ్యానం, కళాపూర్ణోదయం, కథాసంవిధానం.

1. ప్రవేశిక:

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల డిగ్రీ కళాశాలల్లో తెలుగు బోధించేవారికి ఒక అనుభవం తప్పదు. ప్రబంధ నాయకుని పేరు అడిగితే మౌనం వహించే విద్యార్థి కిరిటో, అసునా పేర్లు వినగానే తల ఎత్తుతాడు. ఫోను తెరమీద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదువుకుంటూ చూసిన కథ అది. దీనిని కాలక్షేపమని తోసిపుచ్చడం తేలిక. కొవ్వలి నవలలతో చదవడం అలవాటు చేసుకున్న తరాన్ని మన సాహిత్య చరిత్రలు చాలాకాలం ఒకటి రెండు వాక్యాలతో దాటవేశాయి. ఆ పద్ధతి వల్ల విమర్శకు ఒరిగిందేమీ లేదు.

కథాసారం ఇది. 2022 నవంబర్ 6న పదివేలమంది నెర్వ్‌గేర్ అనే హెల్మెట్ ధరించి కొత్త ఆటలోకి ప్రవేశిస్తారు. బయటకు వచ్చే బటన్ మాయమవుతుంది. నూరు అంతస్తుల అయిన్‌క్రాడ్ కోటను జయించేవరకు విడుదల లేదని, ఆటలో చనిపోయినవారి మెదడును ఆ హెల్మెటే దహిస్తుందని సృష్టికర్త కయాబా అకిహికో ప్రకటిస్తాడు. రెండేళ్ల తరువాత 75వ అంతస్తులో ఆట ముగిసేనాటికి సుమారు నాలుగువేలమంది మరణించి ఉంటారు.

2. కథాసంవిధానం:

కవహరా ఈ కథను మొదట దెంగెకి నవలల పోటీకోసం రాశారు. నిడివి నిబంధనను మించిపోవడంతో పోటీకి పంపక, 2002 నుంచి అంతర్జాలంలో వెలువరించారు. ‘యాక్సెల్ వరల్డ్’ అనే మరో నవలకు అదే పోటీలో ప్రథమ బహుమతి లభించిన తరువాత, 2009 ఏప్రిల్‌లో ఈ మాలిక తొలి సంపుటి అచ్చయింది. ఈ పుట్టుక తెలిస్తేనే తొలి సంపుటి నిర్మాణం అర్థమవుతుంది. పోటీ నవల ఒక్క సంపుటిలో ముగియాలి. కనుక కథ మొదటి అంతస్తునుంచి ఒక్క అంగలో 74వ అంతస్తుకు చేరుతుంది. నడిమి రెండేళ్లు పాఠకునికి దక్కవు. ఆ లోటును రెండవ సంపుటి చిన్న కథలతోను, 2012లో మొదలైన ‘ప్రోగ్రెసివ్’ సంపుటాలు అంతస్తులవారీ కథనంతోను పూరించబోయాయి.

కథాక్రమాన్ని తారుమారు చేయడం దోషం కాదు. పింగళి సూరన కళాపూర్ణోదయంలో అదే చేశాడు. కాని సూరన వేసిన ప్రతి ముడికీ కావ్యంలోనే ఒక విప్పు ఉంది. ఇక్కడ కొన్ని ముడులు రచయిత వేసినవి కావు, నిడివి వేసినవి. మరొక సామ్యం ఇంతకంటె లోతైనది. బ్రహ్మ సరస్వతికి వినోదంగా చెప్పిన కథ లోకంలో కొందరి బతుకుగా జరిగి తీరుతుంది. ఒకరి క్రీడ మరొకరి జీవితం కావడమే కయాబా కథ కూడా. పైగా అతడు తన సృష్టిలో తానే మారుపేరుతో, ఆటగాళ్లకు నాయకుడై సంచరిస్తాడు. అతనికి ఈ లోకాన్ని ఎందుకు సృష్టించాలనిపించిందో చెప్పవలసిన చోట రచయిత, ‘ఆ కారణం నాకే గుర్తులేద’ని అతనిచేతనే అనిపించి దాటుకున్నారు. మాలికలో ఇంత పెద్ద పాత్రకు ఇంత చిన్న సమాధానం సరిపోదు.

ఇతో తొమోహికో దర్శకత్వంలో 2012 జులైలో ప్రసారం మొదలైన 25 భాగాల అనిమే ఘటనలను కాలక్రమంలో అమర్చింది. ఇందువల్ల లాభం, నష్టం రెండూ కలిగాయి. సచి మరణవృత్తాంతం నవలలో రెండవ సంపుటి చివరి కథ. కిరిటో ఒంటరితనాన్ని అప్పటికే చూసిన పాఠకునికి దాని కారణం అక్కడ ఆలస్యంగా తెలుస్తుంది. అనిమేలో అదే కథ మూడవ భాగం. సచి ముందుగా రికార్డు చేసి ఉంచిన మాటలు, కజియురా యుకి సంగీతం కలిసి ఆ సన్నివేశానికి అచ్చులో లేని ఆర్ద్రతను ఇచ్చాయి. అయితే కారణం ముందే తెలిసిపోవడంతో, తరువాతి ఒంటరితనంలో వెదకవలసినదేమీ మిగలలేదు.

3. లవణుడు, కిరిటో:

లవణోపాఖ్యానంలో ఐంద్రజాలికుడు నెమలిపింఛం విసరగానే రాజు కొద్దిసేపు నిశ్చేష్టుడవుతాడు. ఆ కొద్దిసేపట్లో అతడు అడవిపాలై, ఆకలికి తాళలేక, అన్నం పెట్టిన అంత్యజ కన్యను పెళ్లాడి, బిడ్డలను కని, ఏళ్ల తరబడి బతికి, చివరకు కరవులో ఆకలిగొన్న కొడుకుకోసం మంటలోకి దూకబోతాడు. కళ్లు తెరిస్తే సభ అలాగే ఉంది. రాజు మాత్రం ఊరుకోలేదు. వింధ్యకు వెళ్లి ఆ పల్లెను వెదికాడు, ఏడుస్తున్న అత్తను కనుగొన్నాడు. (ఈ ఉపాఖ్యానంలోని కులదృష్టి వేరే వ్యాసం కోరే విషయం.) మాయలోనుంచి లవణుడు వెంట తెచ్చుకున్నది దుఃఖం.

అయిన్‌క్రాడ్ ఘట్టంలో ఉత్తమభాగం ఈ కోవకు చెందినదే. కిరిటో, అసునా పెళ్లి చేసుకొని 22వ అంతస్తులో చిన్న ఇల్లు కొనుక్కుంటారు. చేపలు పట్టడం, వంట, అడవిలో దొరికిన యుయి అనే పాపను సాకడం – కత్తియుద్ధాలకంటె ఈ పుటలే ఎక్కువకాలం గుర్తుంటాయి. ఆ కాపురం అబద్ధమా అని కథ అడగదు, నిజమనే నమ్మి నడుస్తుంది.

ఆ నమ్మకాన్ని తరువాతి ‘ఫెయిరీ డాన్స్’ ఘట్టం పాడుచేసింది. అందులో కిరిటో రెండవ ఆటలోకి వెళ్లగానే మొదటి ఆటలో సంపాదించిన నైపుణ్యాల అంకెలన్నీ అతని వెంట వస్తాయి. లవణునికి దుఃఖం మిగిలితే ఇతనికి స్థాయి మిగిలింది. మరణభయం తొలగిన ఆటలో ఇక పణంగా పెట్టడానికి ఏదో ఒకటి కావాలి. అందుకు అసునా దొరికింది. నిన్నటివరకు మేటి దళానికి ఉపనాయిక అయిన స్త్రీ పంజరంలో బందీ అయి, ప్రతినాయకుని లైంగిక హింసను అనుభవిస్తుంది. ఆమె ఒకసారి తనంతట తాను పంజరం దాటినా, కథ ఆమెను తిరిగి అందులోకే తోస్తుంది. తరువాతి ఘట్టాల్లోనూ స్త్రీలపై ఇటువంటి దాడి మలుపుకోసం వాడే ఉపాయంగా పునరావృతమవుతుంది. ఇది మాలిక మొత్తంలో నైతికంగాను, కళాపరంగాను పెద్ద లోపమని నా అభిప్రాయం. కనబడిన ప్రతి అమ్మాయీ కిరిటోను ప్రేమించడం దీనితో పోలిస్తే చిన్న చాపల్యం.

4. మాయ తీర్చిన లోటు:

ఏడవ సంపుటి ‘మదర్స్ రొజారియో’లో కిరిటో పక్కకు తప్పుకుంటాడు, కథ బాగుపడుతుంది. యుకి అనే బాలిక పుట్టుకనాటి రక్తమార్పిడి వల్ల హెచ్‌ఐవీ సోకి, కుటుంబాన్ని కోల్పోయి, వైద్యయంత్రానికి అతుక్కుని మూడేళ్లుగా కల్పిత లోకాల్లోనే బతుకుతున్నది. ఆమెకు మాయ ఆట కాదు, మిగిలిన ఒకే వాకిలి. అసునా భుజానికి కెమెరా తగిలించుకొని ఆమెకు తరగతి గదిని చూపించే సన్నివేశంలో సాంకేతికత దిశ మారుతుంది. ఇప్పటివరకు మనిషిని లోపలికి లాగిన యంత్రం ఇక్కడ లోకాన్ని ఆమె దగ్గరకు తెస్తుంది. ఇదే సంపుటిలో అసునా చదువును తానే నిర్ణయించాలనుకునే తల్లి ఉంది. అసునా ఆమెను ఆటలోని తన ఇంటికి తీసుకువెళ్లి కిటికీ చూపిస్తుంది. మంచు కప్పిన చెట్లలో ఆ తల్లికి తన పుట్టింటి కొండలు కనిపిస్తాయి. వాదన గెలవని చోట జ్ఞాపకం గెలిచింది. మా ప్రాంతపు విద్యార్థినులకు ఈ ఘట్టాన్ని వివరించవలసిన అవసరం లేదు.

‘అలిసైజేషన్’ ఘట్టం తెలుగు పాఠకుడు ప్రత్యేకంగా చదవదగినది. అండర్‌వరల్డ్‌లో పదేళ్లు నిండిన ప్రతి బిడ్డకూ ఒక వృత్తిని అప్పగిస్తారు. యూజియో ఒక మహావృక్షాన్ని నరికే ఏడవ తరంవాడు. మూడువందల ఏళ్ల శ్రమకు చెట్టు సగం కూడా తెగలేదు. శాసనాన్ని మీరాలన్న తలంపు రాగానే కుడికన్ను మండుతుంది. చట్టం అక్షరాన్ని పాటిస్తూనే ఉన్నతవంశీయులు అత్యాచారం చేయబోతే, యూజియో ఆ కన్నునే పోగొట్టుకొని ఎదురుతిరుగుతాడు. కట్టుబాటు మనిషి శరీరంలోనే కాపురముంటుందన్న ఊహ ఇది. కులవృత్తుల సమాజంలో పెరిగిన మనకు పరాయిది కాదు.

ఇంత సంపాదించిన ఘట్టమే చివర చేయి జారవిడిచింది. కాలవేగం విపరీతంగా పెరిగిన ఆ లోకంలో చిక్కుకున్న కిరిటో, అసునా అక్కడ రెండువందల ఏళ్లు జీవిస్తారు. బయటకు వచ్చాక కిరిటో కోరికపై ఆ జ్ఞాపకాలను తుడిచివేస్తారు. ఆ కాలపు తొలిరోజుల కథ తరువాతి సంపుటాల్లో కొంత వచ్చినా, పద్దెనిమిదవ సంపుటి ముగిసేచోట అది కొద్ది మాటల్లో గడిచిపోయింది. లవణుడు తన మాయాజీవితాన్ని వెదుక్కుంటూ వింధ్యదాకా నడిచాడు. కిరిటోకు వెదకడానికి కూడా ఏమీ మిగలకుండా చేశారు కవహరా.